తప్పుల్లేని పిల్ల

గ్రోనింగెన్,
డిసెంబరు 15, ఆదివారం.

చిరంజీవి యోరిస్‌కు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ ఇంటిల్లిపాదీ బాగానే ఉన్నాం. మీ నాన్నకు జలుబు చేసింది. ప్రతి డిసెంబరులోనూ వచ్చేదే కాబట్టి దాన్ని జబ్బుల కింద జమకట్టను. కొయింబ్రాలో నువ్వు వేళకు తింటూ, తడిబట్టలు గదిలో ఆరేసుకోకుండా, ఒంట్లో కులాసాగా ఉన్నావని తలుస్తాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. ఫోనులో "బాగానే ఉన్నానమ్మా" దాటి మాట్లాడని వాడివి, కాగితం మీద నాలుగు పేజీలు నింపావు. చదివిన వెంటనే ఫోను చేద్దామనుకుని మానేశాను. నువ్వు కూర్చుని రాసినప్పుడు నేనూ కూర్చునే రాయాలి కదా. అడిగినవాటికి వరసగా జవాబులు చెబుతాను.

నాయనమ్మ తుంటి నయమవుతోంది. చక్రాల నడకబండి ఇచ్చారు. దాన్ని ఆవిడ లారీలా నడుపుతోంది. కిందటి వారం దుకాణంలో ఒకాయన మడమ మీదికి ఎక్కించి, "వెనక చూసుకోవద్దూ?" అని ఆయన్నే కోప్పడిందట.

నీ స్కేట్లు అమ్మలేదు. కత్తులకు నూనె రాసి, గుడ్డలో చుట్టి, మెట్ల కింద అరలో పెట్టాను. ఈ చలికాలం ఇంతవరకు నీటికుంటలో కూడా మంచు కట్టలేదు. తొందరపడాల్సిన పని లేదు.

షెడ్డు కప్పు నాన్న బాగుచేశాడా అని అడిగావు. లేదు.

ఇక నాలుగో ప్రశ్న. ఫిబ్రవరి ఒకటిన వస్తున్నాను, నా గది సిద్ధంగా ఉంటుందా అన్నావు. దానికి జవాబు ఉంది. కాని ముందు తమ్తా సంగతి చెప్పాలి. అది చెప్పకుండా ఇది చెబితే నీకు సబబుగా తోచదు.

నీ ఉత్తరంలో మూడో పేజీ నేను రెండుసార్లు చదివాను. "పోర్చుగీసులో నాకు జోకులు రావమ్మా, మర్యాదలే వస్తాయి. ధన్యవాదాలు, క్షమించండి, చాలా బాగుంది. ఇంటావిడ ఇల్దా గారికి తెలిసిన యోరిస్ ఎవరో నాకే తెలియదు. చాలా మంచి అబ్బాయి, ఏమీ తోచనివాడు. అందుకే సాయంత్రాలు మనవాళ్ళతోనూ జర్మన్లతోనూ ఇంగ్లిష్‌లో గడిపేస్తున్నా" అని రాశావు. అది చదువుతుంటే నువ్వు మాట్లాడుతున్నట్టు లేదు. మన ఇంట్లో, నీ గదిలో ఉంటున్న పిల్ల మాట్లాడుతున్నట్టే ఉంది. ఆ పిల్ల నోటివెంట అచ్చంగా ఇవే మాటలు విన్న మర్నాడో ఆ మర్నాడో అందుంటే నీ ఉత్తరం పట్టుకుని ఏడ్చేదాన్నేమో. ఒకరోజు ముందే వచ్చింది కనుక, పాపం పిల్లాడు అనుకుని మడిచి పెట్టేశాను. అర్థమైంది ఆ తర్వాతే.

తమ్తాను నువ్వు ఫోను తెరమీద చూడడమే తప్ప ఎదురుగా చూడలేదు. నువ్వు వెళ్ళిన వారానికి వచ్చింది. పరదేశం పిల్లలకు గదులు చాలడం లేదు, ఖాళీ గదులున్నవాళ్ళు ఇవ్వండి అని విశ్వవిద్యాలయం వాళ్ళు అడిగితే, నీ గది ఏడాదికని ఇచ్చాం. జార్జియా దేశం, త్బిలిసీ నగరం. నేలలో ఉప్పునీరు ఎలా పాకుతుందో అది చదువుతోంది. చదువంతా ఇంగ్లిష్‌లోనే. అయినా వచ్చిన నెలలోనే వారానికి రెండు సాయంత్రాలు మన భాష నేర్పే తరగతిలో చేరింది.

"ఎందుకమ్మా అంత కష్టం? ఇక్కడ అందరికీ ఇంగ్లిష్ వచ్చుగా" అన్నాడు మీ నాన్న, ఇంగ్లిష్‌లో.

"అదే కష్టం" అంది తమ్తా నవ్వుతూ. మేమూ నవ్వాం. ఆ మాటకు అర్థం అడగాలని ఎవరికీ తోచలేదు.

మన సంగతి నీకు తెలుసు. ఎదుటి మనిషి మన భాషలో ఒక్క మాట తడబడితే చాలు, జాలిపడి ఇంగ్లిష్‌లోకి దూకేస్తాం. తమ్తా రొట్టెల దుకాణానికి వెళ్ళి, దారి పొడుగునా వల్లెవేసుకున్న వాక్యం చెప్పేది. కౌంటరు వెనక అమ్మాయి ఇంగ్లిష్‌లో జవాబిచ్చేది. బస్సు డ్రైవరూ అంతే, పళ్ళ డాక్టరూ అంతే. ఇంట్లో మేము ఇంకా ఘనం. భోజనాల దగ్గర నాన్న ఏదో కథ మొదలుపెట్టి, సగంలో తమ్తా వైపు చూసి, మొదట్నించీ ఇంగ్లిష్‌లో చెప్పేవాడు. ఆ పాటికి అందులో నవ్వొచ్చే ముక్క చప్పబడిపోయేది. తమ్తా మర్యాదగా నవ్వేది. ఫ్రౌకె సంగతి చెప్పక్కర్లేదు. నీ చెల్లెలికి ఇంగ్లిష్ మాట్లాడడమంటే సినిమాలో వేషం దొరికినట్టే.

ఇవన్నీ మంచితనం అనుకున్నాం. అతిథికి మెత్తటి కుర్చీ ఇచ్చినట్టు.

ఇంగ్లిష్ రానిది నాయనమ్మ ఒక్కతే. బుధవారాలు తమ్తా ఆవిడకు సరుకులు తీసుకెళ్ళి ఇచ్చి, కూర్చుని పేకాడి వస్తుంది. ఒకసారి నేనూ వెళ్ళాను. తలుపు బయటికే కేకలు.

"కళ్ళెక్కడ పెట్టుకున్నావే పిల్లా? అది కళావరు. కళావరుకి ఇస్పేటు వేస్తావా?"

"పోయిన వారం మీరు వెయ్యలేదా మామ్మా?"

"నేను ముసల్దాన్ని. నాకు కనపడదు."

"డబ్బులు లెక్కపెట్టేప్పుడు బాగా కనపడుతుందే."

నేను లోపలికి వెళ్ళగానే తమ్తా లేచి నిలబడి, ఇంగ్లిష్‌లో "హలో, కుర్చీ తెస్తాను" అంది. ఆ గుమ్మం దగ్గర ఒక పిల్ల పోయి ఇంకో పిల్ల వచ్చినట్టయింది. అప్పుడైనా నాకు తట్టలేదు చూడు.

ఇప్పుడు చీజు సంగతి. చదివి నవ్వకు. తమ్తా చీజు కోసే తీరు ఘోరం. పైనుంచి పల్చటి పొరలుగా తీసే చెక్కుడుకత్తులు ఇంట్లో రెండుండగా మామూలు కత్తి తీసుకుని, గడ్డకు ఒక పక్కనించి లావుగా నరుకుతుంది. రెండు రోజుల్లో గడ్డ కొండవాలులా తయారవుతుంది. ఫ్రౌకె ఆ పని చేసుంటే చేతిమీద ఒకటి పడేది. నువ్వు చేసుంటే నాయనమ్మ దాకా వెళ్ళేది. తమ్తాను మాత్రం ఒక్క మాట అనలేదు. ఆ పిల్ల కాలేజీకి వెళ్ళాక, నేను కూర్చుని గడ్డను చదునుచేసి, తీసిన ముక్కలు సూపులో వేసేదాన్ని. నువ్వు వెళ్ళినప్పటి నుంచీ మన ఇంట్లో చీజు సూపులు ఎక్కువయ్యాయంటే కారణం అదే. ఆమె మన భాషలో ఏదైనా తప్పు మాట్లాడితే కూడా అంతే. వినీ విననట్టు ఊరుకునేదాన్ని. పరాయి పిల్ల, తల్లికి దూరంగా ఉంది, నొచ్చుకుంటుంది అనుకునేదాన్ని.

నవంబరు మధ్యలో ఎప్పటిలాగే సెయింట్ నికొలాస్ పండుగకు చీట్లు తీశాం. ఫ్రౌకె తమ్తాకు పద్ధతి వివరించింది. "ఎవరి పేరొచ్చిందో చెప్పకూడదు. చిన్న కానుక, దాన్ని ఏదో ఆకారంలో దాచిపెట్టాలి. అసలుది పద్యం. పొగడకూడదు. ఆ మనిషి ఏడాది పొడుగునా చేసిన వెధవపనులన్నీ ఏకరువు పెట్టాలి. రాసింది సెయింటు కాబట్టి కోపం తెచ్చుకునే వీల్లేదు. ఎవరి పద్యం వాళ్ళే అందరి ముందూ పైకి చదవాలి."

"ఎక్కువ వెధవపనులు రాస్తే బాధపడరా?" అంది తమ్తా.

"తక్కువ రాస్తే బాధపడతారు. పోయినేడు నాన్నకి రెండు పేజీలొచ్చాయి. ఇంకా గొప్పలు చెప్పుకుంటున్నాడు."

తమ్తాకు మీ నాన్న పేరొచ్చింది. నాకు తమ్తా పేరొచ్చింది.

రాద్దామని కూర్చుని చీజు మీద రెండు పాదాలు రాశాను. బాగానే వచ్చాయి. కొట్టేశాను. ఆ పిల్ల కాలవలో పోగొట్టుకున్న గొడుగు మీద రెండు రాసి, అవీ కొట్టేశాను. చివరికి ఇంగ్లిష్‌లో పన్నెండు పాదాలు రాశాను. దూరదేశం నుంచి వచ్చిన మంచి అమ్మాయి, కష్టపడి చదువుతుంది, అందరికీ సాయం చేస్తుంది, నీలాంటి పిల్ల మా ఇంట ఉండడం మా అదృష్టం. అందరి ముందూ చదివేటప్పుడు తడబడకుండా ఇంగ్లిష్ అయితే మేలు అనుకున్నాను. ఉన్ని చేతితొడుగులు కొని, అట్టతో కొండ చేసి అందులో పెట్టాను. అన్నీ పద్ధతి ప్రకారం చేశానన్న తృప్తితో పడుకున్నాను.

అయిదో తారీకు సాయంత్రం ఏటా లాగే పక్కింటాయన సెయింటు తరఫున తలుపు దబదబ బాది, కానుకల బస్తా గుమ్మంలో పడేసి పారిపోయాడు. నాయనమ్మ కూడా వచ్చింది. నా పద్యం ఫ్రౌకె రాసినట్టుంది, కాఫీతో ఒక్కొక్కరికి ఒక్కొక్క బిస్కెట్టు ఇచ్చి డబ్బా మూత ఎంత చప్పుడుతో వేస్తానో దాని మీద ఎనిమిది పాదాలు. మూత శబ్దానికి వీధిలో కుక్కలు లేస్తాయట. తర్వాత నాన్న తనది తీశాడు. మన భాషలో ఉంది. పైకి చదవడం మొదలుపెట్టాడు:

"షెడ్డు కప్పు కారుతోందని బెరెండ్ నిచ్చెన తెచ్చాడు,
నిచ్చెన నీడన కుర్చీ వేసి కాఫీ తాగి వచ్చాడు.
ఈ శనివారం తప్పదంటే టార్పాలిన్ అది వింది,
రెండేళ్ళుగా విని విని దాని పొట్టపగిలి చిరిగింది."

నాన్న ఆఖరి పాదం చదవలేకపోయాడు, అంత నవ్వు. "ఎవర్రా ఈ సెయింటు?" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. నాయనమ్మ తమ్తా వైపు చూసి, "నేను సాయం చెయ్యలేదు. మాటలకు అర్థాలడిగింది, అంతే" అంది. తమ్తా మొహం ఎర్రగా వెలిగిపోయింది. పది నెలల్లో ఆ పిల్ల మొహం అలా ఉండగా నేను చూడలేదు.

తర్వాత వంతు ఆమెదే. అట్టకొండ విప్పింది, తొడుగులు చేతికి పెట్టుకుంది, కాగితం తీసింది. మొదటి పాదం చదివి, ఒకసారి కాగితం వెనక్కి తిప్పి చూసింది. ఇంకేమైనా ఉందేమోనని. మళ్ళీ తిప్పి, పన్నెండు పాదాలూ తడబడకుండా చదివింది. ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి అందులో ఏముంది? "బాగుంది" అన్నాడు నాన్న. "ఊఁ, చక్కగా ఉంది" అంది ఫ్రౌకె. నాయనమ్మ, "ఏం రాశారు? ఏం రాశారట?" అని అందరినీ అడిగింది. తమ్తా కృతజ్ఞతలు చెప్పి, కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంది.

శనివారం కాఫీ దగ్గర, విశ్వవిద్యాలయం పక్కనున్న పెద్ద భవనంలో గది ఖాళీ అయిందని తమ్తా చెప్పింది. పరదేశం పిల్లలే ఉండేది. శుక్రవారం లోపల సరేనో కాదో చెప్పాలట. "ఫిబ్రవరికి యోరిస్ వస్తాడు కదా. మీకు ఇబ్బంది ఉండదు" అంది. మన భాష తరగతి కూడా మానేస్తున్నానంది. అక్కడ అవసరం ఉండదు కాబట్టి.

నేను ఏమన్నాననుకున్నావు? "నీ ఈడు పిల్లలతో సరదాగా ఉంటుందిలే" అన్నాను. శరదృతువులో ఒకసారి, "యోరిస్ వచ్చాక నేనెక్కడుంటాను?" అని అడిగితే "అప్పుడు చూద్దాం" అని ఊరుకున్నదాన్ని. అలా అనడానికి కారణం నాకు లెక్క తేలకపోవడమే, మనుషులు అయిదుగురు, గదులు మూడు. అంతకంటే ఏమీ లేదు. కాని వినేవాళ్ళకు ఎలా ఉంటుందో ఆలోచించలేదు.

ఆదివారం నాయనమ్మకు చెప్పాను.

"ఆ పిల్ల పోతే నాతో పేకాడేదెవరు? నువ్వా?" అంది.

"నేను ఆడనా ఏం?"

"ఆడతావు. ఓడిపోతే లెక్క మళ్ళీ చూద్దామంటావు. ఎందుకు పోతోందే?"

"అక్కడ తోటిపిల్లలుంటారు అత్తయ్యా."

"తోటిపిల్లలే కావాలనుకుంటే మొదట్లోనే అక్కడికి పోయేది" అని నడకబండి తోసుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మంగళవారం సాయంత్రం నాన్న, ఫ్రౌకె బయటికి వెళ్ళారు. తమ్తా గిన్నెలు తోముతోంది, నేను తుడుస్తున్నాను. కాసేపటికి, "రూలీ గారూ, ఒకటి అడగనా?" అంది మన భాషలో. నేను అలవాటు కొద్దీ ఇంగ్లిష్‌లో "అడుగు" అన్నాను.

తోమడం ఆపింది. "వద్దు. మీ భాషలోనే అడుగుతాను. నెమ్మదిగా అడుగుతాను. మీరు కూడా అందులోనే చెప్పండి."

సరేనన్నాను.

"నాలో తప్పులేమీ లేవా?"

"అదేం ప్రశ్న?"

"ఆయనకి షెడ్డు ఉంది. మీకు బిస్కెట్ల డబ్బా ఉంది. ఫ్రౌకెకి అద్దం ముందు గంటలు గంటలు. మామ్మకి కూడా ఉంది, పేకలో దొంగాట. నాకేమీ లేదు. పది నెలలు మీ ఇంట్లో ఉన్నాను. ఒక్క వెధవపని కూడా చెయ్యలేదా నేను?"

నేను ఏదో అనబోయాను. ఆమె ఆపలేదు. మాటలు వెతుక్కుంటూ, ఒక్కోచోట ఆగి, చేతుల్లో సబ్బునురుగుతో చెబుతూనే ఉంది.

"మా ఇంట్లో చుట్టం వెళ్ళిపోయే రోజున పెద్ద విందు పెడతాం. ఒక్కొక్కళ్ళు లేచి గ్లాసెత్తి ఆ చుట్టాన్ని పొగుడుతారు. ఎంత మంచివాడు, ఎంత గుణవంతుడు, మా ఇల్లు పావనమైంది. మా నాన్న అయితే ఒక్క గ్లాసుకి పావుగంట మాట్లాడతాడు. మా అన్నయ్యని మాత్రం ఎవరూ ఎప్పుడూ పొగడలేదు. వాడు ఇంట్లోవాడు కదా. వాణ్ణి తిడతారు. మీ పద్యం చదువుతుంటే మా నాన్న గ్లాసెత్తినట్టే ఉంది. ఓహో, నన్ను సాగనంపుతున్నారు అనుకున్నాను. అందుకే ఆ గది అడిగాను."

ఆ పద్యం నాదేనని ఎలా తెలిసిందో నేను అడగలేదు. నాన్నకు ప్రాసలు రావు, ఫ్రౌకెకు అంత మర్యాద లేదు.

"మా వీధిలో నన్ను కాకి అంటారు" అంది తమ్తా. "నోరు మూసుకుని ఉండనని. ఇక్కడికి వచ్చి మంచి అమ్మాయినైపోయాను. ఈ మంచి అమ్మాయెవరో నాకు తెలియదు రూలీ గారూ. నాకంత నచ్చలేదు కూడా. ఇంగ్లిష్‌లో పరీక్షలు రాస్తాను, మీ భాషలో రొట్టె కొంటాను. నాలాగ మాట్లాడేది బుధవారాలే."

ఇక్కడ మంచి తల్లులైతే దగ్గరికి తీసుకుని ఉంటారు. నాకు ఆ అలవాటు తక్కువని నీకు తెలుసు. నా చేతిలో ఒక పళ్ళెం ఉంది. తిప్పి చూశాను. ఈ పది నెలల్లోనూ అలాంటివి ఎన్నో చూసి, ఏమీ అనకుండా నేనే తిరిగి తోముకున్నాను.

"దీని వెనక జిడ్డు అలాగే ఉంది. మళ్ళీ తోము" అన్నాను.

తమ్తా నా వైపు చూసింది. పళ్ళెం వైపు చూసింది. అందుకుని మళ్ళీ తోమి ఇచ్చింది.

"ఇప్పుడు?"

"అంచు."

మూడోసారి ఇచ్చేటప్పుడు నవ్వు ఆపుకోలేకపోయింది. నాకూ వచ్చింది. ఇద్దరం సింకు దగ్గర నిలబడి ఎందుకు నవ్వుతున్నామో, అప్పుడే లోపలికి వచ్చిన ఫ్రౌకెకు ఎంత చెప్పినా అర్థం కాలేదు.

అయితే తమ్తా ఉంటానని చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగే ముందు నాకు రెండు పనులున్నాయి. బుధవారం పొద్దున్న గదుల లెక్క మళ్ళీ వేశాను. మధ్యాహ్నం పద్యం రాశాను. కొట్టేసిన పాదాలు జ్ఞాపకమే ఉన్నాయి, మిగతావి వాటంతటవే వచ్చాయి.

గురువారం భోజనాలయ్యాక నేనే వీధివైపు వెళ్ళి తలుపు దబదబ బాది, కాగితం గుమ్మంలో పెట్టి, పెరటి తలుపున లోపలికి వచ్చి కూర్చున్నాను.

"అమ్మా, సెయింటు వారం కిందటే తన స్పెయిన్‌కి వెళ్ళిపోయాడుగా" అంది ఫ్రౌకె.

"ఏదో మరిచిపోయి వెనక్కొచ్చినట్టున్నాడు. చూడు."

మీ నాన్న నన్ను వింతగా చూశాడు. పండుగ క్యాలెండరు దాటి నేను ఏ పనీ చెయ్యడం ఆయన చూడలేదు. కాగితం మీద తమ్తా పేరుంది. తీసింది, చూసింది, మన భాషలో ఉంది. లేచి నిలబడి చదివింది:

"ఎదురుగాలిలో సైకిలెక్కింది, ఒక్క చేతిలో గొడుగు,
గొడుగు ఎక్కడ పోయిందంటే వంతెన కింద అడుగు.
తమ్తా కోసిన చీజు గడ్డ కొండలాగ వాలింది,
దాని మీద పాకిన ఈగ జారి కింద పడింది.
గదిలో దీపం, మెట్ల దీపం, స్నానాలగదిలో దీపం,
పట్టపగలే వెలిగిస్తుంది, చీకటంటే కోపం."

ఇంకా పదహారు పాదాలున్నాయి, అన్నీ ఇక్కడ రాయను. చాలాచోట్ల ఆగింది. ఒకచోట ఫ్రౌకె ఇంగ్లిష్‌లో అందించబోతే నాన్న బల్ల కింద కాలు తొక్కాడు. మేము ఆగాం. తమ్తా ఆ మాట తనే పట్టుకుంది. మొత్తం చదివి, కాగితం బల్ల మీద పెట్టింది.

"చీజుకి ఏమైంది?" అంది.

"ఏమైందా? పది నెలలుగా నేను రోజూ చదును చేస్తున్నాను" అన్నాను.

"రోజూనా? నాతో ఎందుకు చెప్పలేదు?"

"ఇప్పుడు చెప్పానుగా."

"చీజుని ఎటునించి కోసినా కడుపులోకే పోతుంది. దానికో చదును, దానికో చెక్కుడుకత్తి. మీరు చీజు తింటారా, ఇస్త్రీ చేస్తారా?"

నాన్న చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టేసి నవ్వడం మొదలుపెట్టాడు. తమ్తా ఆయన వైపు తిరిగింది. "మీరు నవ్వకండి, మీ టార్పాలిన్ చూసుకోండి. దీపాల సంగతి కూడా అబద్ధం. మెట్ల దీపం ఫ్రౌకె వెలిగిస్తుంది, నేను కాదు."

"నేనా? నేను ఎప్పుడు?" అని ఫ్రౌకె లేచింది.

అరగంట పోట్లాడుకున్నాం. అంతా మన భాషలోనే. తమ్తా తప్పులు మాట్లాడుతూనే ఉంది, నేను మధ్యమధ్య దిద్దుతూనే ఉన్నాను, "ఆగండి, ముందు నన్ను తిట్టనివ్వండి, తర్వాత దిద్దుదురుగాని" అని ఆ పిల్ల నామీద విసుక్కుంది. గొంతు పెద్దదే. కాకి అని ఊరికే అనలేదు.

అంతా సద్దుమణిగాక, నెమ్మదిగా అన్నాను. "చదువు పూర్తయ్యేదాకా ఇక్కడే ఉండు. తరగతి మానొద్దు. గది లెక్క తేల్చాను."

ఏ గది అని అడగలేదు తమ్తా. శుక్రవారం పొద్దున్నే ఆ భవనం వాళ్ళకు కాదని రాసి పంపి, కాలేజీకి వెళ్ళింది. ఏ గదో ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. అప్పుడు మళ్ళీ పోట్లాట.

ఇప్పుడు నీ నాలుగో ప్రశ్నకు జవాబు. నాయనా, నీ గది ఇచ్చేశాను. నిన్ను అడగకుండా ఇచ్చేశాను. వచ్చే చలికాలం వరకు అది తమ్తాది. నీకు అటక సర్దుతున్నాం. నాన్న కిటికీ సందులు పూడుస్తానన్నాడు. నువ్వు ఆయన మాట నమ్మవని తెలుసు, అందుకే పనివాణ్ణి మాట్లాడాను. బుధవారం లెక్క వేసేటప్పుడు నీకు ఫోను చేసి అడుగుదామనే అనుకున్నాను. అడిగితే నువ్వు సరేనంటావు, మంచివాడివి. కాని నువ్వు ఒప్పుకున్నావన్న ధైర్యంతో కాకుండా, నా అంతట నేను ఆ మాట ఇవ్వాలనిపించింది. కోపం వస్తే రానీ. వచ్చి పోట్లాడు.

అటకకు తనే వెళ్తానని తమ్తా పట్టుబట్టింది. ఒప్పుకోలేదు. అటకకు తలుపు లేదు, నిచ్చెన మెట్లు. తలుపు లేని గదికి అద్దె తీసుకోవడం నాకు చేతకాదు. నీ దగ్గర అద్దె తీసుకోను కాబట్టి అది నీకే సరిపోతుంది. తల మాత్రం దూలానికి తగలకుండా చూసుకో.

నీ మూడో పేజీకి కూడా ఇదే నా జవాబు. నువ్వు అక్కడ ఎవరో నీకు తెలియడం లేదంటే, బహుశా నిన్ను ఇంకా ఎవరూ తిట్టకపోవడం వల్ల కావచ్చు. ఇల్దా గారు గిన్నెలు తోముతున్నప్పుడు పక్కన నిలబడు. నీ పోర్చుగీసులో, ఎంత వంకరగా వచ్చినా సరే, నీతో ఆవిడకు ఏం విసుగో అడుగు. ఆవిడ ముందు లేదులేదంటుంది. నేనూ అన్నాను. వదలకు. స్నానాల గదిలో తువ్వాలు నేలమీద పడేస్తావని నాకు తెలుసు, పదేళ్ళుగా నీ తువ్వాళ్ళు ఏరినదాన్ని. ఆవిడ కూడా ఏరుతూనే ఉండుంటుంది, ఏమీ అనకుండా. ఇంకా ఏడు వారాలుంది. ఒక మనిషి చేత తిట్టించుకోవడానికి అది చాలు.

ఉత్తరం ఇక ఆపాలి. కింద స్నానాలగది దగ్గర గొడవ మొదలైంది. ఫ్రౌకె జుట్టు ఆరబెట్టుకునే మిషను తమ్తా తీసుకుని ఎక్కడో పెట్టి మరిచిపోయిందట. ఫ్రౌకె అరుస్తోంది, తమ్తా అంతకంటే గట్టిగా అరుస్తోంది, నాన్న రేడియో పెద్దది చేశాడు. తప్పు తమ్తాదే. వస్తువు తీస్తే తీసినచోట పెట్టే అలవాటు ఆ పిల్లకు లేదు. దిగి వెళ్ళి నాలుగు చీవాట్లు పెట్టాలి.

ఇట్లు,
నిన్ను అటక ఎక్కించిన
మీ అమ్మ,
రూలీ.